బండి ఒక్కటే, డేటాబేసుల నాలుగు బండ్లు: డైలాగ్ బాక్సుల టైపింగ్ ఎట్ల పట్టుకోవాలె?

కాటారూమ్_నల్లగొండ
మా రైస్ మిల్లు కాటా ఆఫీసుకు మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేసు సాఫ్ట్‌వేర్‌ల చిన్న అప్లికేషన్ రాసిన. వడ్ల బండి లోపలికి రాంగనే ఒక డైలాగ్ (వివరాలు కొట్టే చిన్న కిటికీ) లేస్తది. బండి నంబరు, రైతు పేరు, వడ్ల రకం, తేమ శాతం కొట్టి లోడు తూకం తీసుకుంటరు. దించినంక ఖాళీ బండి మళ్ల కాటా ఎక్కుతది. అప్పుడు ఇంకో డైలాగ్ నంబరు అడిగి, పొద్దుటి ఎంట్రీ వెతికి, నికరం లెక్క కడ్తది.

పొద్దటి ఆపరేటర్ "ఏపీ 24 టీఏ 0007" అని మధ్యల జాగ ఇచ్చి కొడ్తడు. ఇంకొకాయన గీతలు పెడ్తడు. రాత్రి షిఫ్టు పిలగాడు అంతా కలిపేసి చివర ఉత్త 7 కొట్టి ఊకుంటడు. ఒకాయనైతే సున్నా జాగల ఓ అక్షరం కొడ్తడు. ఖాళీ తూకం టైముకు "బండి దొరకలేదు" అని వస్తది, వాళ్లు కొత్త ఎంట్రీ కొట్టేస్తరు. సాయంత్రం రిపోర్ట్ తీస్తే సగం బండ్లు ఇంకా మిల్లు లోపల్నే ఉన్నట్టు చూపిస్తది. సేటు నన్ను పిలుస్తడు.

ఇన్‌పుట్ మాస్క్ (ఏ జాగల అక్షరం, ఏ జాగల అంకె పడాల్నో గడికి ముందే కట్టేసేది) పెట్టాల్నా, కోడ్‌ల చెక్ చెయ్యాల్నా, ఇంకేమన్న ఉన్నదా? యాసంగి వడ్లు మొదలైనయి, జర తొందర చెప్పండి.

మాస్క్_మూర్తి
మాస్కే. రెండక్షరాలు, రెండంకెలు, రెండక్షరాలు, నాలుగంకెలు. ఐదు నిమిషాల పని, దీనికింత చర్చ ఎందుకు.

టెస్టర్_స్వాతి
మూర్తి గారూ, ఆ ఐదు నిమిషాల పని మొదటి రోజే బోల్తా పడుతుంది. సిరీస్‌లో (చివరి అంకెల ముందుండే అక్షరాల్లో) ఒక్క అక్షరమే ఉన్న బండ్లున్నాయి, మూడున్నవీ ఉన్నాయి. ఢిల్లీ నంబరైతే జిల్లాకి ఒక్క అంకె, వెంటనే అక్షరం. 22 బీహెచ్ అని మొదలయ్యే భారత్ సిరీస్ అయితే మొత్తం తిరగేసి ఉంటుంది, చివర అక్షరాలు వస్తాయి. ఇక మాస్క్ ఉన్న గడిలో మౌస్‌తో క్లిక్ చేస్తే కర్సర్ మధ్యలో ఎక్కడో పడుతుంది. ఆపరేటర్ చూసుకోకుండా కొడతాడు, మొదటి అక్షరాలు ఎగిరిపోతాయి. నా టెస్టింగ్ లిస్టులో మాస్క్ ఎప్పుడూ మొదటి బగ్గే.

లారీ_ఓనర్_పిడుగురాళ్ల
స్వాతి గారూ చిన్న సవరణ. బీహెచ్ సిరీస్ సొంత వాహనాలకే ఇస్తారు, సరుకు లారీకి రాదు. కాటా మీదకి ఆ నంబరు వచ్చిందంటే ఎవరో ఆఫీసరు గారు కారుతో సహా కాటా ఎక్కినట్టు.

టెస్టర్_స్వాతి
😀 ఒప్పుకున్నా. మిగతావి మాత్రం నిలబడతాయి కదా.

పెద్దపల్లి_ప్రోగ్రామర్
మాస్క్ కంటె పెద్ద గోస మాది. బండి నంబరు గడి వ్యాలిడేషన్ రూల్‌ల (కొట్టింది సరైనదేనా అని చూసే షరతుల) "ఏపీ లేకపోతే టీఎస్‌తోని మొదలు కావాలె" అని ఎవరో రాసిపెట్టి పోయిన్రు. 2024 మార్చిల తెలంగాణ కొత్త బండ్లకు టీజీ వచ్చింది. మొదటి టీజీ ట్రాక్టర్ కాటా ఎక్కంగనే డైలాగ్ "తప్పు నంబరు" అన్నది. వెనక బండ్ల లైన్. ఆపరేటర్ తెలివిగ టీజీ జాగల టీఎస్ కొట్టి పంపేసిండు. లేని బండ్లు డేటాబేసులకు వచ్చినయి, అవి ఏరేసరికి నా పని అయిపోయింది.

రాష్ట్రం కోడ్లు ఎన్నడూ రూల్‌ల రాయొద్దు, టేబుల్‌ల పెట్టున్రి. ఒడిశా కూడ 2012ల ఓఆర్ నుంచి ఓడీకి మారింది, పాత ఓఆర్ బండ్లు రోడ్డు మీద ఇంక తిరుగుతనే ఉన్నయి. రేపు ఇంకోటి మారుతది.

ఫాక్స్‌ప్రో_బాబాయ్
మా రోజుల్లో, ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేసు భాషలో, గడిని తెచ్చే గెట్ అనే ఆదేశం పక్కన పిక్చర్ అని పెట్టి ఎట్ గుర్తు, ఆశ్చర్యార్థకం రాస్తే కొట్టిందల్లా పెద్ద అక్షరాలైపోయేది. పక్కనే వ్యాలిడ్ అని ఒక ఫంక్షన్. తప్పు కొడితే కుయ్‌మని అరిచేది, సరిగ్గా కొట్టేదాకా గడి వదిలేది కాదు. ఒక్క లైను! మీరు ఇప్పుడు దానికి నాలుగు ఈవెంట్లు (గడిలో ఏదైనా జరిగినప్పుడు నడిచే కోడ్) రాస్తున్నారు.

నిజామాబాద్_నవీన్
బాబాయ్, ఫాక్స్‌ప్రో ఆఖరి వెర్షన్ 2004ల వచ్చింది, 2015ల సపోర్ట్ కూడ బంద్ అయింది. మీరు ఇంకా కుయ్యి గురించే చెప్తున్నరు.

ఫాక్స్‌ప్రో_బాబాయ్
సపోర్ట్ ఆగింది గానీ మా ఊరి సొసైటీలో ప్రోగ్రాం ఆగలేదు తమ్ముడూ. నిన్న కూడా రసీదు కొట్టింది.

ఎస్క్యూఎల్_శాస్త్రి
కాటారూమ్ గారూ, మాస్కా కోడా అని అడిగారు. రెండింటికంటే ముందు ఇంకోటి తేల్చుకోవాలి. ఆపరేటర్‌ని మీ పద్ధతిలో కొట్టమంటారా, ఎలా కొట్టినా మీరే సర్దుకుంటారా? నా ఓటు రెండోదానికి.

టేబుల్‌లో రెండు కాలమ్స్ పెట్టండి. ఒకదాంట్లో ఆపరేటర్ కొట్టింది కొట్టినట్టే ఉంచండి, తర్వాత గొడవొస్తే అదే సాక్ష్యం. రెండోది మీ ఫంక్షన్ శుభ్రం చేసిన నంబరు. వెతుకులాట, ఇండెక్స్ అన్నీ ఈ రెండోదాని మీదే.

శుభ్రం చేయడం ఇలా. అక్షరాలు, అంకెలు తప్ప ఏముందో అంతా తీసేయండి. చివర ఉన్న అంకెల వరసని పట్టుకుని ఎడమవైపు సున్నాలు చేర్చి నాలుగంకెలు చేయండి, మీ రాత్రి షిఫ్టు 7 సమస్య అక్కడే పోతుంది. ఇక ఓ, సున్నా గొడవ. సిరీస్ అక్షరాల్లో ఐ, ఓ మామూలుగా ఇవ్వరు. కాబట్టి రాష్ట్రం కోడ్ దాటాక ఓ కనిపిస్తే సున్నా, ఐ కనిపిస్తే ఒకటి అనుకోవచ్చు. మొదటి రెండక్షరాల జోలికి మాత్రం పోకండి, ఒడిశా బండ్లు పోతాయి.

చిన్న అక్షరాలా పెద్ద అక్షరాలా అన్నది యాక్సెస్‌లో పోల్చేటప్పుడు పట్టింపు లేదు. రేపు డేటా ఇంకో డేటాబేసుకి మార్చితే పట్టింపు వస్తుంది కాబట్టి ఎలాగూ పెద్దవి చేసేయండి.

కాటారూమ్_నల్లగొండ
రెండు కాలమ్‌ల సంగతి మంచిగున్నది శాస్త్రి గారు. జాగలు తీసెయ్యడానికి ట్రిమ్ వాడిన, కొన్నిట్ల పోతలేవు. మా సూపర్‌వైజర్ మెయిల్‌ల నుంచి కాపీ చేసి అతికిస్తడు, అవే సతాయిస్తున్నయి.

ఎస్క్యూఎల్_శాస్త్రి
ట్రిమ్ ముందూ వెనకా ఉన్న మామూలు స్పేస్‌ని (క్యారెక్టర్ కోడ్ 32) మాత్రమే తీస్తుంది. మెయిల్, వెబ్ పేజీల నుంచి వచ్చేవాటిలో 160 నంబరు స్పేస్ ఉంటుంది, చూడ్డానికి ఒకేలా ఉంటుంది కానీ ట్రిమ్ దాన్ని ముట్టుకోదు. అందుకే "ఇది తీసెయ్, అది తీసెయ్" అని రాయకుండా "అక్షరం, అంకె మాత్రమే ఉంచు" అని రాయమన్నా.

డేటా_దాళ్వా
మాది భీమవరం దగ్గరండి. మా దగ్గర అసలు గొడవ బండి నంబరు కాదు, పార్టీ పేరు. ఎదురు కొట్టు పేరు "రవి'స్ ట్రేడర్స్". ఆ పైన చిన్న కామా కొట్టి వెతకండి అనగానే 3075 ఎర్రర్, సింటాక్స్ తప్పంటుంది. ఆపరేటర్ ఏం చేశాడంటే పేరు "రవీస్" చేసేశాడండి. బిల్లు ఒక పేరు, లెక్క ఒక పేరు.

నిజామాబాద్_నవీన్
క్వెరీని (డేటాబేసును అడిగే ఎస్క్యూఎల్ వాక్యాన్ని) ముక్కలు ముక్కలు అతికించి తయారు చేస్తున్నరు, అందుకే. డైలాగ్‌ల కొట్టింది నేరుగ ఎస్క్యూఎల్ వాక్యంల పడ్తున్నది. ఆ గుర్తు కాడ వాక్యం తెగిపోతది. పారామీటర్ క్వెరీ (కొట్టింది వాక్యంల కలపకుండ విడిగ పంపేది) వాడున్రి, ఏం కొట్టినా అది ఉత్త విలువే అయితది.

మాస్క్_మూర్తి
మిల్లుకి హ్యాకర్ ఎవడొస్తాడు నవీన్. ఆ గుర్తుని రెండుసార్లు పెడితే పోయె. రీప్లేస్ ఒక్కటి చాలు.

నిజామాబాద్_నవీన్
హ్యాకర్ గురించి నేనెక్కడ అన్న? కొట్టు పేరు గురించే అన్న. రీప్లేస్ పది జాగల రాయాలె, పదకొండోది మర్చిపోతవ్. పారామీటర్ అయితే తేదీ గోల కూడ పోతది.

టెస్టర్_స్వాతి
తేదీ గోల! ఇది అందరూ చదవాలి. ఫోన్ నుంచి రాస్తున్నా, కోడ్ పెట్టలేను, మాటల్లో చెప్తా.

డైలాగ్‌లో "ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు" అని రెండు గడులు. ఆపరేటర్ మన అలవాటు ప్రకారం 05/04/2024 అని, అంటే ఏప్రిల్ 5 కొట్టాడు. విండోస్ సెట్టింగ్ ఇండియాదే, కాబట్టి గడి దాన్ని ఏప్రిల్ 5 గానే అర్థం చేసుకుంది. అక్కడిదాకా బాగుంది. కానీ దాన్ని అటూ ఇటూ హాష్ గుర్తులు పెట్టి ఎస్క్యూఎల్‌లో అతికిస్తే యాక్సెస్ అమెరికా పద్ధతిలో మే 4 అని చదువుతుంది. మీ విండోస్ సెట్టింగ్ ఏదైనా సరే.

దీనికంటే దుర్మార్గం ఇంకోటుంది. 13/04/2024 కొడితే పదమూడో నెల లేదు కదా, అప్పుడు నోరు మూసుకుని ఏప్రిల్ 13 అని సరిగ్గానే తీసుకుంటుంది. ఎర్రర్ రాదు. నెలలో 13 నుంచి చివరిదాకా రిపోర్టులు కరెక్ట్, 1 నుంచి 12 దాకా (04/04 లాంటివి తప్ప) తప్పు. టెస్టింగ్ నెలాఖరులో చేస్తే దొరకనే దొరకదు. అతికించక తప్పకపోతే సంవత్సరం ముందు, నెల తర్వాత, రోజు చివర వచ్చేలా ఫార్మాట్ చేసి పంపండి. పారామీటర్ అయితే ఈ బాధే లేదు.

డేటా_దాళ్వా
అమ్మో. మొదటి వారం కొనుగోళ్లు ఎప్పుడూ తక్కువ కనిపిస్తాయని మేం కొనుగోలు సెంటరు వాళ్లతో గొడవ పెట్టుకుంటున్నామండి. రేపు పొద్దున్నే ఇది చూస్తాను.

కీబోర్డ్_కనకం
ఖాళీ గడి సంగతి ఎవరూ చెప్పలేదే. యాక్సెస్‌లో ఏమీ కొట్టని టెక్స్ట్ బాక్స్ విలువ ఖాళీ స్ట్రింగ్ (అక్షరాలు లేని టెక్స్ట్) కాదు, నల్, అంటే విలువే లేదని. "ఖాళీ స్ట్రింగ్‌తో సమానమైతే ఆపు" అని రాస్తే ఆ పోలిక నిజం కాదు, అబద్ధమూ కాదు, మళ్లీ నల్లే. ఇఫ్ దాన్ని దాటి పోతుంది. పేరు లేని రైతులు మీ టేబుల్‌లో ఉంటే కారణం ఇదే. గడి విలువకి ఖాళీ స్ట్రింగ్ జోడించి పొడవు సున్నానా అని చూడండి, నల్ అయినా ఖాళీ అయినా రెండూ దొరుకుతాయి.

సిరిసిల్ల_శీను
కనకం అక్కా, నేను ఇన్‌పుట్‌బాక్స్ (ఒక్క గడి ఉండే రెడీమేడ్ డైలాగ్) వాడుతున్న. క్యాన్సిల్ కొట్టినా, ఏం రాయకుండ ఓకే కొట్టినా ఒక్కటే తీరు ఖాళీ వస్తది. ఏది ఏందో ఎట్ల తెలుస్తది?

కీబోర్డ్_కనకం
స్టర్‌పీటీఆర్ అని దాగున్న ఫంక్షన్ ఒకటుంది. క్యాన్సిల్ అయితే అది సున్నా ఇస్తుంది. కానీ అసలు మాట ఏంటంటే ఇన్‌పుట్‌బాక్స్ వాడకు తమ్ముడూ. అందులో ఒక్క గడే, చెక్ చేయడానికి లేదు, తప్పయితే మళ్లీ మొదటి నుంచి. సొంతంగా చిన్న ఫాం చేసుకుని పాపప్, మోడల్ (అది మూసేదాకా వేరే కిటికీ ముట్టనీయని సెట్టింగ్) పెట్టుకో.

తెలుగు_టైపు
ఇన్‌పుట్‌బాక్స్ వద్దనడానికి ఇంకో పెద్ద కారణం. వీబీఏ (యాక్సెస్‌లో కోడ్ రాసే భాష) ఇన్‌పుట్‌బాక్స్ యూనికోడ్ (అన్ని లిపులకీ ఒకే కోడ్) కాదు, విండోస్ కోడ్‌పేజీ (కొన్ని లిపులకే సరిపోయే పాత అక్షరాల పట్టిక) మీద నడుస్తుంది. తెలుగుకి అలాంటి పాత కోడ్‌పేజీ అసలు లేదు. అందుకే రైతు పేరు తెలుగులో కొడితే ప్రశ్నార్థకాల వరస వస్తుంది. యాక్సెస్ ఫాంలో టెక్స్ట్ బాక్స్ యూనికోడే, అక్కడ బాగా పడుతుంది.

తెలుగు పేర్లతో వెతికేవాళ్లు ఇంకోటి చూసుకోండి. శ్రీనివాస్ రెడ్డి, శ్రీనివాసరెడ్డి, శ్రీనివాస్‌రెడ్డి. మూడోదాంట్లో పొల్లు తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి (జీరో విడ్త్ నాన్ జాయినర్) ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. శాస్త్రి గారు బండి నంబరుకి చెప్పిన రెండో కాలమ్ ఉపాయమే పేరుకీ చేయండి, అందులోంచి ఆ గుర్తునీ స్పేసుల్నీ తీసేయండి. పొల్లు తేడా మాత్రం దాంతో పోదు.

ఎస్క్యూఎల్_శాస్త్రి
డేటా ఎస్క్యూఎల్ సర్వర్‌లో ఉంటే కాలమ్ ఎన్‌వర్‌చార్ (యూనికోడ్ టెక్స్ట్ టైపు) కావాలి, అతికించే స్ట్రింగ్ ముందు ఎన్ అక్షరం కావాలి. లేకపోతే అక్కడా ప్రశ్నార్థకాలే.

పెద్దపల్లి_ప్రోగ్రామర్
పేరుతోని వెతుకుడే బంద్ పెట్టున్రి. ఒక ఊర్ల ఒక్కటే పేరున్నోళ్లు నలుగురుంటరు. ఫోన్ నంబరుతోని వెతుకున్రి. ఫోన్ నంబరు గడి నంబర్ టైపు పెట్టకున్రి మళ్ల. లాంగ్ అనే నంబర్ టైపుల 214 కోట్ల చిల్లర దాంక్నే పడ్తది, మన మొబైల్ నంబర్లన్నీ 6 నుంచి 9తోని మొదలైతయి, ప్రతి ఒక్కటీ ఓవర్‌ఫ్లోనే, పట్టది.

ఫాక్స్‌ప్రో_బాబాయ్
ఫోన్ నంబర్లు కూడితే ఏమొస్తుంది, తీసేస్తే ఏమొస్తుంది? లెక్క కట్టని అంకెలు అంకెలు కావు, క్యారెక్టర్. 1991 నుంచీ ఇదే చెప్తున్నా.

సిరిసిల్ల_శీను
బరువు గడికి ఈజ్‌న్యూమరిక్ (కొట్టింది అంకేనా అని చూసే ఫంక్షన్) చాలునా?

నిజామాబాద్_నవీన్
చాలదు. "12డి3" అని కొడితే (డి ఇంగ్లీషు అక్షరం) ఈజ్‌న్యూమరిక్ సరే అంటది, మార్చి చూస్తే 12000. వాల్ (టెక్స్ట్‌ను అంకె చేసే ఫంక్షన్) ఇంకో తీరు: "12,340" ఇస్తే కామా కాడ ఆగి 12 ఇస్తది. పన్నెండు వేల కిలోల లోడు పన్నెండు కిలోలు. ఒక్కో క్యారెక్టర్ చూసి అంకెలు, ఒకే ఒక చుక్క తప్ప ఏదీ రానీయకు.

లారీ_ఓనర్_పిడుగురాళ్ల
ఆగండాగండి. బరువు ఆపరేటర్ చేత్తో కొట్టడం ఏంటి? కాటా ఇండికేటర్ నుంచి సీరియల్ పోర్టులో నేరుగా రావాలి, గడి లాక్ చేసి ఉండాలి. చేత్తో కొట్టే వీలుంటే ఆ మిల్లుకి నా లారీ పంపను.

కాటారూమ్_నల్లగొండ
మాది నేరుగనే వస్తది అన్నా, గడి లాక్. టైపు చేసేది నంబరు, పేరు, రకం, తేమ, అంతే.

మాస్క్_మూర్తి
తేమకి 17 దాటితే ఆపెయ్. సర్కారు కొనుగోలు రూలే 17 కదా.

పెద్దపల్లి_ప్రోగ్రామర్
ఆపితే ఏమైతదో ఎరికేనా? 19 వచ్చిన వడ్లకు ఆపరేటర్ 16.9 కొడ్తడు. బండి లైన్‌ల ఉన్నది, రైతు మొత్తుకుంటుండు, డైలాగ్ కదలనిస్తలేదు, ఇంకేం చేస్తడు? గట్టిగ ఆపితే అబద్ధం టైపు చేయించినట్టే. 17 దాటితే ఎర్ర రంగు చూపియ్యి, కారణం అడుగు, సేవ్ కానియ్యి. కొనాల్నా వద్దా మనుషులు చూసుకుంటరు. 170 కొడితే మాత్రం ఆపు, అది చుక్క మర్చిపోవుడే.

టెస్టర్_స్వాతి
నూటికి నూరు పాళ్లు. ఉండటానికి వీల్లేనిదాన్ని ఆపాలి, ఉండకూడనిదాన్ని అడగాలి.

మాస్క్_మూర్తి
రూల్ రూలే. కారణం గడి పెడితే అందరూ చుక్క పెట్టి పోతారు, చూస్తూ ఉండండి.

కీబోర్డ్_కనకం
ఆపడం గురించే ఇంకోటి. గడి బిఫోర్ అప్‌డేట్‌లో (కొట్టింది ఖాయమయ్యే ముందు వచ్చే ఈవెంట్) క్యాన్సిల్ ఇస్తే ఆపరేటర్ ఆ గడిలో ఇరుక్కుపోతాడు. మూసెయ్ బటన్ నొక్కుదామన్నా కర్సర్ బయటికి రాదు, ఎస్కేప్ నొక్కాలని వాడికి తెలీదు. డాట్‌నెట్‌లో (మైక్రోసాఫ్ట్‌దే ఇంకో ప్రోగ్రామింగ్ వేదిక) అయితే మూసే బటన్‌కి కాజెస్ వ్యాలిడేషన్ ఫాల్స్ పెడితే సరిపోతుంది. యాక్సెస్‌లో నేను గడి పక్కన ఎర్రగా ఒక ముక్క రాసి వదిలేస్తా, అసలు చెక్ ఓకే బటన్‌లో.

నిజామాబాద్_నవీన్
ఓకే బటన్‌లనే పెట్టాలె. ముట్టని గడికి బిఫోర్ అప్‌డేట్ రానే రాదు. డైలాగ్ టేబుల్‌కు కట్టకుండ అన్‌బౌండ్‌గ ఉంటే ఫాం బిఫోర్ అప్‌డేట్ కూడ రాదు. చానమంది అక్కడ కోడ్ రాసి నడుస్తలేదని కూసుంటరు.

డేటా_దాళ్వా
తప్పులన్నీ ఒకేసారి చెప్పాలండి, ఒక్కోదానికి ఒక్కో మెసేజ్ బాక్స్ వద్దు. మా ఆపరేటర్ మెసేజ్ చదవకుండానే ఎంటర్ కొట్టేస్తాడు, చెయ్యి అలవాటైపోయింది.

రాత్రి_షిఫ్టు
అందరు ఆపరేటర్ ఆపరేటర్ అంటున్నరు. నేను ఆపరేటర్నే, వేరే మిల్లు. నేనూ ఒక మాట చెప్తా.

ఖాళీ బండి వచ్చినప్పుడు మళ్ల నంబరు ఎందుకు అడుగుతరు? ఆ బండి లోపలున్నట్టు మీ కంప్యూటర్‌కు ఎరికే కదా. రాత్రి రెండు గంటలకు వాన పడుతుంటది, బంపర్ మీద బురద, నంబరు కనపడది. డ్రైవర్‌ను అడిగితే సగం చెప్తడు. కొత్త ట్రాక్టర్లకైతే నంబరే ఉండది. ట్రాక్టర్‌కు ఒక నంబరు, వెనక కట్టే ట్రక్కుకు (ట్రాలీకి) ఒక నంబరు, ఏది కొట్టాలె? మీరు తప్పు నంబరు అని ఆపితే నేను ఏదో ఒకటి కొడ్త. నా వెనక హారన్ కొడుతుంటరు.

లోపల ఉన్న బండ్ల లిస్టు చూపియ్యండి. నేను ఏరుకుంట.

టెస్టర్_స్వాతి
ఇన్ని పోస్టుల్లో మనలో ఒక్కరికీ తట్టలేదు చూడండి.

ఎస్క్యూఎల్_శాస్త్రి
నిజమే. రెండో డైలాగ్‌లో టైపింగే ఉండకూడదు. ఖాళీ తూకం ఇంకా పడని ఎంట్రీలు మాత్రమే ఒక లిస్ట్ బాక్స్‌లో. పైన ఒక గడి, అందులో 07 కొడితే లిస్టు అక్కడికక్కడే తగ్గాలి. చేంజ్ ఈవెంట్‌లో గడి టెక్స్ట్ ప్రాపర్టీ చదవండి. వాల్యూ చదివితే పాతదే వస్తుంది, కొడుతున్నంతసేపు అది మారదు. ఆ గడిలో కర్సర్ లేనప్పుడు టెక్స్ట్ చదివితే 2185 ఎర్రర్, అది గుర్తుంచుకోండి.

మొదటి డైలాగ్‌లో కూడా పాత బండ్లని కాంబోలో (విప్పితే లిస్టు కనపడే గడిలో) చూపించండి. వడ్ల రకానికీ అంతే. ఒకరు బీపీటీ అంటారు, ఒకరు 5204 అంటారు, ఒకరు సాంబ మసూరి అంటారు. మూడు పేర్లూ ఒకే రకానికి కట్టే టేబుల్ పెట్టి లిమిట్ టు లిస్ట్ ఆన్ చేయండి. లిస్టులో లేనిది కొడితే నాట్ ఇన్ లిస్ట్ ఈవెంట్‌లో "కొత్త రకమా?" అని అడగండి.

నిజామాబాద్_నవీన్
కొత్త రకం కలిపే పని ఆపరేటర్‌కు ఇయ్యకున్రి. వారంల ఎంటీయూ 1010 అయిదు స్పెల్లింగులల్ల ఉంటది.

ఎస్క్యూఎల్_శాస్త్రి
బండికి ఇవ్వాలి, రకానికి సూపర్‌వైజర్ పాస్‌వర్డ్. సరేనా?

నిజామాబాద్_నవీన్
సరే.

కాటారూమ్_నల్లగొండ
లిస్టు పెట్టి చూసిన. "బండి దొరకలేదు" అనేది ఇప్పటికైతే రాలే. నంబరు లేని ట్రాక్టర్లకు టోకెన్ నంబరు పడేటట్టు చేసిన. కొత్త తిప్పలు ఒకటున్నది. ఒక్కటే ఓనర్‌యి రెండు లారీలు, చివర నంబర్లు 4117, 4171. పిలగాడు ఒకదానికి బదులు ఇంకోటి ఏరిండు. రెండింటి నికరం తారుమారు.

లారీ_ఓనర్_పిడుగురాళ్ల
ఖాళీ లారీ బరువు ట్రిప్పు ట్రిప్పుకీ పెద్దగా మారదు. డీజిలు, టార్పాలిన్ పట్టాలు, తాళ్లు తేడా అంతే. పాత ట్రిప్పుల ఖాళీ తూకాలు మీ దగ్గరే ఉన్నాయి కదా, వాటితో పోల్చి చూడండి.

టెస్టర్_స్వాతి
లిస్టులో వచ్చిన టైము, రైతు పేరు కూడా చూపించండి. నంబరులో చివరి నాలుగంకెలు పెద్దగా, లావుగా.

కాటారూమ్_నల్లగొండ
ఖాళీ తూకం పోల్చుడు లారీలకు నడుస్తది. ట్రాక్టర్ ఇయ్యాల ఒక ట్రక్కు, రేపు పక్కింటోళ్ల ట్రక్కు కట్టుకొస్తది కదా, అప్పుడెట్ల?

రాత్రి_షిఫ్టు
గప్పుడు అడుగున్రి, ఆపకున్రి. "ట్రక్కు మారిందా" అని ఒక టిక్కు పెట్టే గడి ఇయ్యండి, కారణం టైపు చేయమనకున్రి.

పెద్దపల్లి_ప్రోగ్రామర్
టిక్కు పెట్టినప్పుడు ట్రక్కు నంబరు గడి తెరువు. శాస్త్రి గారి ఫంక్షనే దానికీ వాడు, పాత ట్రక్కు అయితే దాని ఖాళీ తూకం కూడ దొరుకుతది.